చీటీ లేని కట్ట

మార్చి 3, సోమవారం. ఉదయం 6.40

ఎడమ చేతిలో రెండు సూదులు, కుడి చేతిలో పెన్ను. ఈ కుర్చీలో నాలుగు గంటలు ఇంకేం చేస్తాం. ఫోన్ చూస్తే తల తిరుగుతుంది. పక్కావిడ అప్పుడే గురక మొదలుపెట్టింది. అదృష్టవంతురాలు.

నాకీ డయాలసిస్ మొదలై ఎనిమిది నెలలు. సోమ, బుధ, శుక్ర. ఆరింటికి మిషన్‌కి ఎక్కిస్తారు, పదింటికి దింపుతారు. పదిన్నరకల్లా ప్రెస్సులో ఇంకో మిషన్ ముందుంటాను. అక్కడ ఎవరికీ తెలియదు. పొద్దున్నే డిజైన్ కోర్సుకి వెళ్తున్నానని చెప్పాను. ఓనర్ పొంగిపోయాడు. మా ప్రింటింగ్ పిల్ల చదువుకుంటోందని వచ్చిన పార్టీలందరికీ చెప్తాడు. మొన్న ఒక లెటర్‌హెడ్ చేసి చూపించమన్నాడు. అబద్ధం అంత దూరం వెళ్ళాక ఇక నిజంగానే పుస్తకం కొనుక్కుని నేర్చుకోవాల్సి వస్తోంది.

అయినా మిషన్ మాత్రం ఎవరు నేర్పారు గనక. బైండింగ్‌లో కూర్చుని కాగితాలు మడతపెడుతూ మూడేళ్ళు కంటితో దొంగిలించాను. ఆపరేటర్ చెప్పాపెట్టకుండా మానేసిన రోజు, ఎవరూ అడక్కముందే ప్లేటు ఎక్కించి నడిపేశాను. ఆడపిల్లకి మిషనా అన్న నోళ్ళే ఇప్పుడు ఇంకు కలిపిపెట్టమని నా దగ్గరికొస్తాయి. ఈ జబ్బు సంగతి బయటపడితే అయ్యో పాపం అంటూ మళ్ళీ మడతల బల్ల దగ్గరే కూర్చోబెడతారు. ఆ జాలి నాకక్కర్లేదు. ఎండాకాలమైనా నిండు చేతుల చొక్కాలే వేస్తాను.

మార్చి 5, బుధవారం. 6.30

మా గదిలో కుర్చీలు రెండు వరసలు, ఎదురెదురుగా. మధ్యలో మందుల ట్రాలీ పట్టేంత సందు. కాళ్ళు చాపితే ఎదుటివాళ్ళ కాళ్ళు దాదాపు తగులుతాయి. ఇవాళ ఎదురు కుర్చీలోకి కొత్త పేషెంటుని తెచ్చారు. తలెత్తి చూస్తే మా కటింగ్ మాస్టర్.

యాభై మూడేళ్ళు. పాతికేళ్ళుగా ప్రెస్సులో కాగితం కోసేది ఆయనే. కట్టని కంటితో చూసి ఎన్ని మిల్లీలో చెప్పేస్తాడు, తర్వాత స్కేలు పెట్టి చూస్తే అంతే ఉంటుంది.

ఒకే ఇంటికి కన్నం వేయడానికొచ్చిన ఇద్దరు దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నాం. ముందు ఆయనే తేరుకున్నాడు. ఏం పిల్లా, ఇదేనా నీ డిజైన్ కోర్సు, అన్నాడు. మీ నడుంనొప్పి డాక్టరు ఇక్కడే ఉంటాడా మాస్టారూ, అన్నాను. పకపకా నవ్వాడు. నవ్వుతూనే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

దిగేటప్పుడు ఒప్పందం చేసుకున్నాం. ఇక్కడ నువ్వు నన్ను చూడలేదు, అక్కడ నేను నిన్ను చూడలేదు, అన్నాడు. సరేనన్నాను.

మార్చి 10, సోమవారం

నన్ను సీనియర్ అని పిలుస్తున్నాడు. తండ్రి వయసువాడు. సీనియర్ గారూ, దాహం వేస్తే ఏం చేయాలండీ, అంటాడు. చిన్న గ్లాసు పెట్టుకోండి, ఐస్ ముక్క బుగ్గన పెట్టుకోండి, టీవీ ముందు కూర్చోకండి, అక్కడ నీళ్ళు కనబడతాయి, అని చెప్పాను. బుద్ధిగా తలూపాడు. అచ్చం బళ్ళో పిల్లాడే.

దింపాక ఒళ్ళెలా ఉంటుంది సీనియర్, అలవాటవుతుందా, అని అడిగాడు. నాకేం కాదు, నేరుగా వెళ్ళి మిషన్ నడుపుతాను, అని గొప్పలు పోయాను. ఆయన మాత్రం, తల తడిసిన కాగితంలా ఉంటుందమ్మా, పావుగంట ఊరికే కూర్చుని గానీ బ్లేడు ముట్టుకోను, అన్నాడు.

మార్చి 14, శుక్రవారం

ప్రెస్సులో అందరికీ సేఫ్టీ షూస్ ఇచ్చారు. లోపల కాలి వేళ్ళకి ఇనప టోపీ. కాళ్ళకి ఇటుకలు కట్టుకుని నడుస్తున్నట్టుంది.

మార్చి 19, బుధవారం. ఉదయం 6.50

ఒళ్ళు మండిపోతోంది. ఆలస్యంగా వచ్చాను, గబగబా బరువు చూసుకున్నాను. మొన్న దిగినప్పటికంటే మూడు కిలోలు ఎక్కువట. పెరిగిన బరువంతా నీళ్ళ కిందే లెక్క, అంతా మిషన్ లాగేయాలి. టెక్నీషియన్ అందరి ముందూ మొదలుపెట్టాడు. చదువుకున్నదానివి, చెప్తే అర్థం కాదా, బిందెలు బిందెలు తాగుతావా, అని. గ్లాసు లెక్కపెట్టుకుని తాగుతున్నాను నేను. అరిచాను. అంకె అబద్ధం చెప్పదమ్మా, అన్నాడు. అయితే తీసేయ్, మూడూ తీసేయ్, అన్నాను. మాస్టర్ ఎదురు కుర్చీలోంచి ఊరుకోమని చెయ్యి ఊపాడు. ఊరుకుంటే నేనెందుకవుతాను.

సాయంత్రం 7.15

షూ లేసులు విప్పుతుంటే తెలిసింది.

పొద్దున బరువు బల్ల మీదికి వీటితోనే ఎక్కాను. రోజూ చెప్పులు విప్పి ఎక్కేదాన్ని. ఇవాళ లేసులు విప్పే ఓపిక లేక అలాగే ఎక్కేశాను. వాడు అంకె చూశాడు, కాళ్ళు చూడలేదు. షూస్ బరువుకి నా ఒంట్లో నీళ్ళు తీశారు. ఇంచుమించు కిలో, నాలో లేని నీళ్ళు.

అందుకే చివరి అరగంటలో బీపీ ఎనభైకి పడింది. కాళ్ళు పైకెత్తి పడుకోబెట్టారు. ఇంకో గంట ఉండమన్నారు. లేచి ప్రెస్సుకి పరిగెత్తాను, నేనేదో లేకపోతే ప్రపంచం ఆగిపోతుందన్నట్టు. బడి పుస్తకాల కవర్లు, ఎనిమిది వేలు. సగంలో కళ్ళు చీకట్లు కమ్మాయి. మిషన్ ఆపి రీముల మీద కూర్చున్నాను. షీటు ఒకటి లోపల నలిగింది. తీసి, కాగితాన్ని వరసలో పెట్టే పక్క గైడు సర్ది, మళ్ళీ నడిపాను. ఎలా పూర్తి చేశానో నాకే తెలియదు.

ఇంట్లో అమ్మ ముఖం చూసి ఏమైందంది. ఏం కాలేదన్నాను. షూస్ చూసుకుని నవ్వొచ్చింది. ఎల్లుండి మాస్టర్‌కి చెప్పి నవ్వించాలి.

మార్చి 20, గురువారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

మా దగ్గర ఒక పద్ధతుంది. మిషన్ మధ్యలో ఆగి, గైడు సర్ది మళ్ళీ నడిపితే అచ్చు ఒకట్రెండు మిల్లీలు జరుగుతుంది. అలా జరిగిన చోట కట్టలో ఒక రంగు చీటీ పెట్టాలి, అంచు బయటికి నాలుక చాపినట్టు కనబడేలా. మాస్టర్ దాన్ని చూసి కట్టని అక్కడ విడదీసి, కొలత మళ్ళీ పెట్టుకుని కోస్తాడు. చీటీ లేకపోతే కట్టంతా ఒకటే అనుకుంటాడు. అనుకోవాలి కూడా. చీటీ అంటే ఆపరేటర్ మాట.

నిన్న నేను చీటీ పెట్టలేదు.

పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేసరికి కవర్లు కోసేశారు. సగం కవర్ల మీద పుస్తకం పేరుకి తలకట్లు లేవు. ఓనర్ ఒక కవరు పట్టుకుని గాల్లో ఊపుతున్నాడు. చీటీ ఉందా లేదా మాస్టారూ, అని అడుగుతున్నాడు. లేదండి, అన్నాడు మాస్టర్. ఓనర్ నావైపు తిరిగాడు. నువ్వు చెప్పు, పెట్టావా.

పెట్టాను, అన్నాను.

ఆలోచించి అనలేదు. నోరు దానంతటదే అంది. మాస్టర్ నన్ను చూశాడు. అబద్ధం అనలేదు. నాకు కనపడలేదమ్మా మరి, అన్నాడు, అంతే. ఓనర్ విసుగ్గా, అయితే మీ ఇద్దర్లో ఒకరికి కళ్ళు లేవా, ఒకరికి బుద్ధి లేదా, అన్నాడు.

అక్కడితో ఆపినా బాగుండేది. వారానికి మూడు రోజులు డయాలసిస్ మీదుంటే కళ్ళేం కనపడతాయి సార్, అన్నాను. నేనే. ఈ నోటితోనే. నీకెలా తెలుసన్నాడు ఓనర్. పక్కింటావిడకి బాగోలేకపోతే చూడ్డానికి హాస్పిటల్‌కి వెళ్ళానని, అక్కడ ఈయన్ని చూశానని చెప్పాను. అది కూడా తడుముకోకుండా వచ్చేసింది.

మాస్టర్ ఒక్క మాటంటే చాలు నా పని అయిపోయేది. ఈ పిల్ల కూడా నా ఎదురు కుర్చీలోనే కూర్చుంటుందండీ, అంటే చాలు. నేల చూస్తూ నిలబడ్డాడు. ఓనర్ గొంతు తగ్గించాడు. కోపం కంటే అది ఘోరం. ఎందుకు దాచారు మాస్టారూ, బ్లేడు కింద చెయ్యి పోతే నా మెడకి చుట్టుకోదా, ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోండి, అన్నాడు. భుజం మీద చెయ్యేసి గేటు దాకా దిగబెట్టాడు. పాతికేళ్ళ మనిషి, టిఫిన్ డబ్బా కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. బైండింగ్ అక్క వెనకాల పరిగెత్తి ఇచ్చొచ్చింది.

మధ్యాహ్నమంతా మిషన్ బ్రహ్మాండంగా నడిచింది.

మార్చి 21, శుక్రవారం. 8.10

వచ్చాడు. ఎదురుగానే కూర్చున్నాడు. నాలుగు తిడతాడని ఎదురుచూశాను. తిడితే నేనూ తిట్టొచ్చు, నాకు అదొక్కటే బాగా వచ్చు. ఆయనేమో, మిషన్ ఎలా ఉంది సీనియర్, అన్నాడు. బాగుందన్నాను.

గంట తర్వాత మెల్లగా అడిగాడు. ఆ చీటీ ఏ రంగుది, అని.

దెప్పడానికి కాదు. నిజంగానే అడిగాడు. నిన్నటి నుంచీ ఆ కట్టని మనసులో తిప్పి తిప్పి చూసుకుంటున్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

పసుపు, అన్నాను.

పసుపైతే కనపడాలే, అన్నాడు. తనలో తనే.

మార్చి 22, శనివారం

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నా బతుకు. కటింగ్ సెక్షన్‌లో కొత్తతను నా వైపు చూస్తే చాలు, ఏంటని మీదికి వెళ్తున్నాను. పాపం అతను సమయం ఎంతైందని అడగబోయాడట.

మార్చి 24, సోమవారం. 9.00

ఇవాళ మాస్టర్ భార్య తోడొచ్చింది. ఆయన కునుకు తీస్తుంటే స్టూలు జరుపుకుని నా పక్కన కూర్చుంది. నువ్వేనా తల్లీ సీనియర్‌వి, ఇంట్లో నీ మాటే, ఐస్ ముక్క నువ్వే చెప్పావట కదా, అని నా చెయ్యి నిమిరింది. సూదులున్న చెయ్యి కాదు, రెండోది. ఇది రాస్తున్న చెయ్యి.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. గడ్డం గీసుకోవడం మానేశాడట. రోజంతా పాత పేపర్లు ముందేసుకుని కూర్చుంటాడట. ఆవిణ్ణి ఎక్కడో ఒకచోట పసుపు చీటీ పెట్టమంటాడట, పెట్టి వంటింట్లోకి వెళ్ళిపొమ్మంటాడట. ప్రతిసారీ కనిపెడతాడట, ఒక్కసారి కూడా తప్పలేదట. తప్పకపోయేసరికి ఇంకా దిగులట. ఇప్పుడు కనపడుతోంది కదే, మరి ఆ రోజెందుకు కనపడలేదు, నాకేదో అయింది, ఈ రక్తం కడగడంలో కళ్ళు కూడా కడిగేస్తున్నారు, అంటాడట. కళ్ళ డాక్టరు ఏ లోపం లేదన్నా నమ్మలేదట. నిన్న రోడ్డు దాటడానికి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడట, పెళ్ళైనప్పటినుంచి ఎప్పుడూ పట్టుకోనివాడు.

ఓనర్ నీ మాట వింటాడట కదమ్మా, ఒక్కసారి చెప్పి చూడవూ, కోతపని కాకపోతే లెక్కపెట్టే పనైనా ఇమ్మను, పని లేకపోతే మనిషి నిలబడేలా లేడు, అంది. అలాగే పిన్నిగారూ, అన్నాను.

ఉద్యోగం తీశాననుకున్నాను. కళ్ళు కూడా తీశాను.

మార్చి 25, మంగళవారం

ఓనర్ గది దాకా మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి ఏంటమ్మా అన్నాడు. పసుపు ఇంకు అయిపోయింది సార్, అన్నాను.

మార్చి 28, శుక్రవారం. సాయంత్రం

చెప్పాను. చీటీ నేను పెట్టలేదు సార్, తప్పు నాది, మాస్టర్‌ది కాదు, అన్నాను. అంతే చెప్పాను. నా డయాలసిస్ సంగతి చెప్పలేదు.

ఓనర్ కళ్ళజోడు తీసి నన్ను కాసేపు చూశాడు. నీది ఎంత మంచి మనసమ్మా, అన్నాడు. పెద్దాయన కోసం తప్పు నీ మీద వేసుకుంటున్నావు, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు ఇలా. లేదు సార్, నిజం, అన్నాను. నిజమే నిజమే, అని నవ్వాడు. వెళ్ళి పని చూసుకో, అన్నాడు. బయట అకౌంటెంటుకి కూడా చెప్పాడు, నాకు వినపడేలా.

అప్పుడే చొక్కా చెయ్యి పైకి లాగి చూపిస్తే నమ్మేవాడు. లాగలేదు. ప్రెస్సంతా నన్ను దేవతలా చూస్తోంది. బైండింగ్ అక్క తన డబ్బాలోది నాకు పెట్టింది. తిన్నాను కూడా. సిగ్గులేనిదాన్ని.

మార్చి 31, సోమవారం. 6.20

ఇద్దరికీ సూదులు గుచ్చేశారు. పది దాకా ఆయన లేచి వెళ్ళలేడు, నేను పారిపోలేను. అందుకే ఇప్పుడు చెప్పాను. షూస్ సంగతి, బీపీ సంగతి, రీముల మీద కూర్చున్న సంగతి. కట్టలో ఏ చీటీ లేదు మాస్టారూ, అన్నాను. పక్కావిడ గురక ఆపి వింటోంది. విననీ.

6.35

మిషన్ అద్దంలో తిరుగుతున్న తన రక్తాన్ని చూస్తున్నాడు.

7.05

అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట, అన్నాడు. ముఖం విచ్చుకుంది. నిజంగా. ఒక్క క్షణం నన్ను మర్చిపోయాడు.

తర్వాత గుర్తుకొచ్చాను. మొదటి అబద్ధం భయంతో అన్నావు, నాకు అర్థమవుతుంది, అన్నాడు. మరి నేనడిగినప్పుడు పసుపని ఎందుకు చెప్పావు. ఇక్కడ ఓనర్ లేడు కదా. మనిద్దరమే ఉన్నాం కదా.

తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

10.15

సూదులు తీశాక దూది అదిమిపట్టుకుని నా రక్తం కూడా ఆగేదాకా ఆగి, గేటు దాకా కలిసి నడిచేవాడు. ఇవాళ ఆగలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

మార్చి పంతొమ్మిది చార్టు జిరాక్స్ తీయించి ఓనర్ బల్ల మీద పెట్టాను. నా పేరు, బరువు, బీపీ, అన్నీ ఉన్నాయి. చొక్కా చెయ్యి కూడా పైకి లాగాను. సూదుల పోట్లు, పాములా ఉబ్బిన నరం. కుర్చీ ఒక అడుగు వెనక్కి జరుపుకున్నాడు. అంటుకునే రోగం కాదు సార్, అన్నాను.

ముందే చెప్పొచ్చు కదా, అన్నాడు. చెబితే ఆయనకి చేసిందే నాకూ చేసేవారు, అన్నాను. అరవకు, అన్నాడు. నేను అరవలేదు. మొదటిసారి మెల్లగా మాట్లాడాను నేను.

చాలాసేపు చార్టు తిరగేశాడు. మాస్టర్‌కి ఫోన్ చేస్తాను, డయాలసిస్ లేని మూడు రోజులూ వచ్చి కోసుకోమంటాను, అన్నాడు. నువ్వు మాత్రం బైండింగ్‌లో కూర్చో. మరి నాకు ఆ మూడు రోజుల లెక్క లేదా సార్, మిషన్ ఇవ్వరా, అని అడిగాను. ఆ స్థితిలో కూడా అడిగాను. ఆయన జబ్బు దాచాడు, నువ్వు దాచి ఆయన నెత్తిన రుద్దావు, రెండూ ఒకటి కాదు, అన్నాడు.

కాదు.

బైండింగ్ అక్క బల్ల దగ్గర జరిగి చోటిచ్చింది. డబ్బా మూత మాత్రం తీయలేదు. రెండు వందల అచ్చు ఫారాలు మడతపెట్టాను. చేతులు ఇంకా మర్చిపోలేదు.

ఏప్రిల్ 2, బుధవారం. 7.30

ఎదురు కుర్చీ ఖాళీ. ఫోన్ చేస్తే ఎత్తడం లేదని టెక్నీషియన్ అంటున్నాడు. డయాలసిస్ ఒక్కరోజు మానితే ఏమవుతుందో ఆయనకి చెప్పింది నేనే.

ఏప్రిల్ 4, శుక్రవారం. 9.40

వచ్చాడు. ముఖమంతా ఉబ్బిపోయి వచ్చాడు. మొన్నటి నీళ్ళూ ఇవాళ్టివీ కలిపి తీస్తున్నారు. నాతో మాట్లాడలేదు.

ఇందాక పిక్క పట్టేసింది ఆయనకి. కళ్ళు గట్టిగా మూసుకుని పళ్ళు కొరుకుతున్నాడు. పాదం మెలితిరిగిపోతోంది. టెక్నీషియన్ ఆ చివర ఎవరికో సూది గుచ్చుతున్నాడు. పిలిచాను, వస్తున్నానన్నాడు. చెయ్యి కదపలేను. కుర్చీలో కిందికి జారి, సందుకి అడ్డంగా కాలు చాపి, నా అరికాలు ఆయన అరికాలికి ఆనించి, బలమంతా పెట్టి నెట్టాను. పెద్దాయనకి కాలు తగిలించాను.

ఆయనా నెట్టాడు.

తొమ్మిది నిమిషాలు. ఆ తర్వాత ఆయన వేళ్ళు వదులయ్యాయి. కళ్ళు తెరవలేదు. ఎవరి కాలని అడగలేదు. ఇంకా తీయలేదు నేను. రాత వంకర పోతోంది.